కిన్లోక్ కోటని కూలిపోనివ్వండి

గ్లాస్గోలో నాతోపాటు పనిచేసే ఒకావిడకి పాత కట్టడాలంటే ప్రాణం. మొన్నామధ్య ఒక లింకు పంపి సంతకం పెట్టమంది. స్కాట్లండు పడమటి తీరాన రమ్ దీవిలో ఉన్న కిన్లోక్ కోటని ప్రభుత్వమే పూనుకుని బాగుచేయించాలన్నది అందులోని కోరిక. చదివాను గానీ సంతకం పెట్టలేదు. "స్వయంగా వెళ్ళి చూసొచ్చినవాడివి, నీకే మనసు రాకపోతే ఇంకెవరికొస్తుంది?" అని నిష్ఠూరమాడింది. చూసొచ్చాను కాబట్టే పెట్టలేదు. ఆ కారణం టీ తాగేలోపు తెమిలేది కాదు కనక ఇక్కడ రాస్తున్నాను.

కోట అంటున్నాం గానీ అది ఏ యుద్ధమూ చూడలేదు. విక్టోరియా రాణి ఏలుబడి ఆఖర్న జార్జ్ బులో అనే కుర్ర శ్రీమంతుడు వేట కోసం కట్టించుకున్న బంగళా అది. 1897లో మొదలుపెట్టి మూడేళ్ళలో ముగించారు. ఆర్కిటెక్టులు హాలిఫాక్స్‌కి చెందిన లీమింగ్ అండ్ లీమింగ్. నడిమధ్య పెరడు వదిలి చుట్టూ రెండంతస్తులు లేపారు. మూలల్లో బురుజులు, గోడల మీద ఫిరంగులకోసమన్నట్టు పళ్ళు, కింద చుట్టూతా కమానుల వరండా. రాయి ఎర్రటి ఇసుకరాయి, దీవిలో దొరికేది కాదు, ఓడలో తెచ్చిందే. ఖర్చు 2,50,000 పౌండ్లు అంటారు. అంతా చేసి, ఆయనగారు అందులో ఉండేది ఏడాదికి కొన్ని వారాలు. జింకల వేట ముగిస్తే బిచాణా ఎత్తేసేవాడు.

ఈ కోట గురించి రాసేవాళ్ళందరూ చెప్పే ముచ్చట్లు కొన్నున్నాయి. తోట కోసం ఎయిర్‌షైర్ నుంచి 2,50,000 టన్నుల మట్టి పడవల్లో తెప్పించారట. కిల్టు, అంటే స్కాట్లండు మగవాళ్ళ గళ్ళ పావడా, కట్టుకుని పనిలోకొచ్చిన కూలీకి ఒక షిల్లింగ్ ఎక్కువ ఇచ్చారట. పొగతాగేవాళ్ళకి రోజుకి రెండు పెన్నీలు అదనం, ఎందుకంటే పొగ ఉంటే మిడ్జిలు దగ్గరకి రావు. మిడ్జి అంటే కంటికి సరిగా ఆనని చిన్న దోమ. అక్కడ వేసవి సాయంత్రం చెవుల వెనక, జుట్టు మొదళ్ళలో అది కుట్టే తీరు అనుభవించినవాడికి ఆ రెండు పెన్నీలు దానధర్మం కాదని తెలుస్తుంది. అద్దాల ఇళ్ళలో ద్రాక్షలు, పీచ్‌లు పండించారు. వేడినీళ్ళ తొట్లలో తాబేళ్ళనీ మొసళ్ళనీ పెంచారు. మెట్ల కింద ఆర్కెస్ట్రియన్ అని ఒక జర్మన్ వాద్య యంత్రం ఉంది. చిల్లుల కాగితం చుట్ట పెడితే డప్పులు, తాళాలు, బూరలు అన్నీ దానంతట అదే వాయిస్తుంది. డాన్సు హాలు కిటికీలు తలకంటే ఎత్తులో పెట్టించారు, లోపల దొరలేం చేస్తున్నారో బయటి పనివాళ్ళకి కనబడకూడదని. మందు కూడా గోడలో చిన్న అర గుండానే లోపలికి వెళ్ళేదట.

ఇవన్నీ నవ్వుకోవడానికి బాగుంటాయి. నిజానికి నా వాదన కూడా వీటిలోంచే పుట్టింది.

దారం తెగితే ఆగే మగ్గం

ఈ డబ్బంతా ఎక్కడిదో చెప్పకుండా ముందుకెళ్ళడం నావల్ల కాదు. మా నాన్న సిరిసిల్లలో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపాడు. సెలవుల్లో నేను షెడ్డులో కూర్చుని చూసేవాణ్ణి. ఫోర్కులాంటి చిన్న ఇనప ముక్క ఒకటి, నాడె పోయినప్పుడల్లా పేక దారాన్ని, అంటే అడ్డదారాన్ని, తడుముతుండేది. దారం తగిలితే సరే. తగలకపోతే, అంటే పేక తెగితే, సాంచె టక్కున ఆగిపోయేది. అంత రొదలోనూ ఏ సాంచె ఆగిందో నాన్న వీపు తిప్పి ఉండి కూడా చెప్పేవాడు.

ఆ ఏర్పాటుని 1840ల మొదట్లో ఇంగ్లండులోని బ్లాక్‌బర్న్‌లో కెన్వర్తీ అనే ఆయనతో కలిసి తయారుచేసిన మనిషి జేమ్స్ బులో, జార్జ్‌కి తాత. లాంకషైర్ మగ్గం అని పేరుపడ్డ యంత్రం వాళ్ళదే. తర్వాత అక్రింగ్టన్‌లో హోవర్డ్ అండ్ బులో కంపెనీ వచ్చింది. జేమ్స్ కొడుకు జాన్ అమెరికా నుంచి నూలు వడికే రింగు స్పిన్నింగు కదురు హక్కులు తెచ్చి, ఆ యంత్రాలని ప్రపంచమంతా అమ్మాడు. మన దేశపు మిల్లులు కూడా కొన్నాయి. మా వైపు నుంచి తరాల తరబడి పద్మశాలీలు బతుకుదెరువుకి వెళ్ళింది బొంబాయి మిల్లులకే. ఆ జాన్ బులోయే 1888లో రమ్ దీవిని కొన్నాడు. 1891లో ఆయన పోయాడు, ఇరవై ఒక్క ఏళ్ళ జార్జ్ చేతికి దీవీ డబ్బూ వచ్చాయి.

ఇది చదివి, "చేనేత కడుపు కొట్టిన సొమ్ముతో కట్టిన కోట కాబట్టి కూలాలంటున్నాడు" అనుకునేవాళ్ళుంటారు. అది నా మాట కాదు. అదే మగ్గం మా నాన్నకి అన్నం పెట్టింది కూడా. పాపపు సొమ్ము తగలని గోడలే మిగలాలంటే స్కాట్లండులో చర్చీలు కూడా మిగలవు. గ్లాస్గో నడిబొడ్డు వీధుల్లో సగం పొగాకు, పంచదార డబ్బుతో లేచినవే, వాటి మధ్య నుంచే నేను రోజూ ఆఫీసుకెళ్తాను. కోపంతో దేన్నీ కూల్చకూడదు. నా కారణం వేరు.

ఇల్లు కాదు, నడిపే యంత్రం

కిన్లోక్ కోట గోడలు, కప్పులతో పూర్తయ్యే కట్టడం కాదు. బొగ్గు, నౌకర్లు, తోటమాలులు, సొంత ఓడ, ఏటేటా అక్రింగ్టన్ నుంచి వచ్చిపడే లాభం, ఇవన్నీ ఉంటేనే అది నడుస్తుంది. ఏటి నీళ్ళతో సొంత కరెంటు తీసుకునేవాళ్ళు. బిలియర్డ్స్ గదిలో చుట్టపొగ బయటికి లాగే గాలి యంత్రం పెట్టారు. స్నానాల తొట్టికి చుట్టూ గూడులాంటి చెక్క కట్టి, ఒళ్ళంతా రకరకాలుగా నీళ్ళు కొట్టేలా వరసగా పిడులు బిగించారు. ఏడాదికి రెండు మీటర్ల పైన వాన కురిసే చోట, చదునైన కప్పులు, లోపలి కాలవలు, పళ్ళ గోడల వెనక దాగిన గట్టర్లు పెట్టి కట్టారు. అలాంటి ఇంట్లో ఎప్పుడూ ఒక మనిషి నిచ్చెన మీద ఉండాల్సిందే.

స్కాట్లండులో పాత టవర్ ఇళ్ళు చూస్తే తేడా తెలుస్తుంది. ఒకటిన్నర మీటరు మందం గోడ, నిటారు కప్పు, చిన్న కిటికీలు. వాటిని ఒక తరం పట్టించుకోకపోయినా నిలబడతాయి. కిన్లోక్‌కి ఆ ఓపిక లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో పనివాళ్ళు సైన్యంలోకి వెళ్ళగానే తోట, అద్దాల ఇళ్ళు పాడుపడడం మొదలైంది. కట్టి పదిహేనేళ్ళు కూడా కాలేదప్పటికి. అంటే యజమాని బతికుండగా, డబ్బు ఇంకా ఉండగానే అది జారింది. ఎవరో తర్వాత పాడుచేశారనడం సగమే నిజం.

నేను వెళ్ళినప్పుడు లోపలికి రానివ్వలేదు. రేవు నుంచి స్క్రెసర్ట్ అఖాతం ఒడ్డునే నడిచి వెళ్ళాను. వరండాలోకి మాత్రం చూపు వెళ్తుంది. కమాను లోపలి పెచ్చులు ఊడి కింద కుప్పగా పడున్నాయి, కుప్ప మీద నాచు. ఒక గట్టర్లోంచి సికమోర్ మొక్క మోకాలెత్తు పెరిగింది. కిటికీ అద్దానికి ముఖం ఆనించి చూస్తే లోపల కుర్చీల మీద తెల్లగుడ్డలు, వాటి మధ్య నేల మీద ప్లాస్టిక్ బకెట్లు. అన్ని బకెట్లుంటే ఎవరో వచ్చి పారబోస్తున్నట్టే కదా, ఆ పనిచేసే మనిషి మీద నాకు గౌరవం కలిగింది.

నా సహోద్యోగి చెప్పేవి

ఆవిడ వాదనలు తేలిగ్గా కొట్టిపారేసేవి కావు. మొదటిది: ఇలాంటిది ఇంకోటి లేదు. బ్రిటన్‌లో ఆ కాలపు ధనవంతుల ఇళ్ళు చాలానే ఉన్నాయి గానీ, సామానుతో సహా, పుస్తకాలు, ఫోటోలు, వాద్యయంత్రం, కొమ్ముల జింక తలలతో సహా ఎక్కడివక్కడ ఉండిపోయినవి అరుదు. బులోల కుటుంబం 1957లో దీవిని 23,000 పౌండ్లకి ప్రకృతి పరిరక్షణ సంస్థకి అమ్మేస్తూ సామాను కూడా వదిలేసి వెళ్ళడం వల్ల అది సాధ్యమైంది. ఒక వర్గం తనని తాను ఎలా ఊహించుకుందో ఒక్కచోట చూపించే ఇల్లది. ఏ గది ఎవరికి, ఏ మెట్లు ఎవరికి, ఏ కిటికీ ఎంత ఎత్తున అన్నది పుస్తకంలో చదవడం వేరు, ఆ గదిలో నిలబడి తల పైకెత్తి చూడడం వేరు. ఇక్కడ నేను ఆవిడతో ఒప్పుకుంటాను. డాన్సు హాలు కిటికీ ముచ్చట నేను విన్నదే గానీ, లోపల నిలబడి చూడలేకపోయానన్న బాధ నాకూ ఉంది.

రెండోది ఇంకా గట్టిది. పాడుపడనిచ్చింది ప్రభుత్వ సంస్థే. 1957 నుంచి యజమాని అదే. వాళ్ళు కొన్నది దీవి ప్రకృతి కోసం. ఎర్రజింకల మీద అక్కడ జరిగే పరిశోధన ప్రపంచంలోనే పేరున్నది. నార్వే నుంచి పిల్లల్ని తెచ్చి 1975 నుంచి వదిలితే, స్కాట్లండులో అంతరించిన తెల్లతోక గద్ద మళ్ళీ నిలదొక్కుకుంది ఇక్కణ్ణుంచే. కోట వాళ్ళకి కొన్నదాంతోపాటు వచ్చిపడ్డ బరువు. వెనకవైపు నౌకర్ల గదుల్లో చాలాకాలం హాస్టల్ నడిపారు, 2013లో అదీ మూతపడింది. ఈలోపు 2003లో బీబీసీ వాళ్ళు పాడుపడ్డ కట్టడాలకి ప్రేక్షకుల ఓట్లతో పోటీ పెడితే కిన్లోక్ కూడా నిలబడింది. గెలిచింది మాంచెస్టర్‌లోని విక్టోరియా బాత్స్. కోట అభిమానుల సంఘం ఒకటి మేమే తీసుకుని నడుపుతామని అడిగితే ఒప్పుకోలేదు. "అరవై ఏళ్ళు పట్టించుకోకుండా ఉండి, ఇప్పుడు ఖర్చు ఎక్కువవుతుందంటే ఊరుకోవాలా? రేపు ప్రతి యజమానీ ఇదే దారి పడతాడు. వాన పడనిస్తాడు, పైకప్పు పోనిస్తాడు, ఆపైన ఇక లాభం లేదంటాడు" అంటుంది ఆవిడ.

దీనికి నా దగ్గర తిరుగులేని జవాబు లేదు. కిన్లోక్‌లాంటి ఎ కేటగిరీ, అంటే చట్టం కాపాడే అతి ముఖ్యమైన, కట్టడం మీద యజమాని ఇష్టారాజ్యం ఉండకూడదనే నేనూ అంటాను. కానీ శిక్ష ఎవరికి పడుతోందో చూడాలి. ప్రభుత్వ సంస్థ తప్పుకి జరిమానా ప్రభుత్వ డబ్బుతో కట్టిస్తే, కట్టేది మనమే. అదే డబ్బుతో ఆ సంస్థ చేయాల్సిన పనులు ఆగుతాయి. తప్పు చేసినవాణ్ణి తిట్టడం న్యాయం, ఆ తిట్టుని కోట్ల పౌండ్ల మరమ్మతుగా మార్చడం మాత్రం లెక్కకి నిలవదు.

మరమ్మతు అయిపోయాక సంగతేంటి? ఎవరూ ఆ లెక్క వేయరు. కప్పు కొత్తది వేస్తారనుకుందాం. ఆ నిచ్చెన మీది మనిషి జీతం మరుసటేడు ఎవరిస్తారు? ఫెర్రీ ప్రతిరోజూ రాని దీవి, రోడ్డంటే మట్టిబాట. టిక్కెట్ల మీద నడిచే ఇల్లు కాదది. ఒక మగ్గాల వ్యాపారి లాభంతో కూడా నడవలేకపోయింది.

హారిస్‌లో చూసింది

నా మనసు ఒక వైపు మొగ్గింది కోట దగ్గర కాదు. దీవికి అవతలి ఒడ్డున హారిస్ అనే చోట. కిన్లోక్ నుంచి కొండల మధ్య 12 కిలోమీటర్ల దాకా నడక. అక్కడ జాన్ బులోకి కొడుకు కట్టించిన సమాధి మండపం ఉంది. గ్రీకు గుడిలా స్తంభాలు, సముద్రం వైపు ముఖం. మొదట పెట్టించింది ఇది కాదట. కొండలోకి తొలిచి, లోపల మొజాయిక్ పలకలు అతికించిన సమాధి ఒకటి కట్టిస్తే, ఒక అతిథి అది రైల్వే స్టేషన్ మరుగుదొడ్డిలా ఉందన్నాడని, దాన్ని మందుపెట్టి పేల్చేసి ఈ గుడి కట్టించాడని చెబుతారు. తండ్రి సమాధి విషయంలోనే ఒక్క మాటకి పేల్చేసిన మనిషి, తన బంగళా విషయంలో మనం ఇంత తటపటాయిస్తున్నామంటే నవ్వుకునేవాడేమో.

ఆ మండపం చుట్టూ ఉన్న నేల మాత్రం నన్ను కట్టిపడేసింది. పచ్చిక కింద వరసలు వరసలుగా బోదెలు. ఒకప్పుడు మనుషులు బంగాళాదుంప, ఓట్స్ ధాన్యం పండించుకున్న మళ్ళు. పక్కనే మోకాలెత్తు రాతి గోడలు, కప్పుల్లేని ఇళ్ళు. 1826లో దీవిలో ఉన్న సుమారు 300 మందిని రెండు ఓడల్లో ఎక్కించి కెనడాలోని కేప్ బ్రెటన్‌కి పంపించేశారు. రెండేళ్ళకి మిగిలినవాళ్ళలో ఇంకో యాభై మంది దాకా వెళ్ళారు. వాళ్ళ స్థానంలో గొర్రెలొచ్చాయి. గొర్రెల ధర పడిపోయి, ఆ కౌలుదారే దివాలా తీశాడు. 1845లో దీవిని సాలిస్‌బరీ ప్రభువు కొని జింకలకీ చేపలకీ వదిలాడు. బులోలు కొనేనాటికి అది వేటభూమి. మనుషులు ఖాళీ అయిన దీవి కాబట్టే ఒక ఇంటికోసం దీవంతా కొనగలిగారు.

ఆ కప్పుల్లేని ఇళ్ళని బాగుచేసి చూపించాలని ఎవరూ అడగరు. అడగక్కర్లేదు కూడా. ఒక గోడ మీద కూర్చుని బోదెలు చూస్తుంటే ఏం జరిగిందో అర్థమవుతుంది. శిథిలం అబద్ధం చెప్పదు, చెరిపేయదు కూడా. మరి ఆ మనుషుల చరిత్రకి శిథిలం సరిపోయినప్పుడు, బులోల చరిత్రకి సరిపోదా? కిన్లోక్ కప్పు దించేసి, ప్రమాదంగా ఉన్న గోడలు తగ్గించి, మిగతాది గట్టిపరిచి వదిలితే, కమానుల వరండా, బురుజుల మొదళ్ళు, స్నానాల గది పలకలు వందేళ్ళు ఉంటాయి. దానికీ ఖర్చవుతుంది, ఊరికే అవుతుందని అనను. కానీ ఆ ఖర్చుకి ఒక చివర ఉంటుంది.

సామాను సంగతి వేరు. దాన్ని మాత్రం ఒక్క చలికాలం కూడా ఆ తేమలో ఉంచకూడదు. ప్రతి వస్తువునీ ఫోటో తీసి, ఏ గదిలో ఏ గోడకి ఏముందో కొలతలతో రాసి, తీసెయ్యాలి. ఆర్కెస్ట్రియన్ని నడిచే స్థితిలో, జనం వినగలిగే చోట పెట్టాలి. ఆల్బములు, లెక్కల పుస్తకాలు ఎడిన్‌బరోకి. కిల్టుకి షిల్లింగ్ ముచ్చట కాగితం మీద ఎక్కడైనా ఉందేమో అప్పుడు తేలుతుంది. ఇంటిని, సామానుని విడదీస్తే రెండూ చచ్చిపోతాయని ఆవిడ అంటుంది. మామూలుగానైతే నేనూ అంటాను. ఇక్కడ కలిపి ఉంచితే రెండూ కలిసే కుళ్ళుతున్నాయి.

దీవిలో ఉండేవాళ్ళు

2022లో ఒక సంపన్నుడు కోటని కొనుక్కుని బాగుచేయిస్తానని ముందుకొచ్చాడు. అప్పటికే దీవిలో కొందరికి భయం పట్టుకుంది. ఊరు కోటకి ఆనుకునే ఉంది. మళ్ళీ ఒక దొర వస్తే దారులు, ఒడ్డు, ఊరి ఎదుగుదల ఎవరి చేతిలోకి పోతాయని వాళ్ళ ప్రశ్న. బులోల కాలంలో పరాయివాళ్ళని అడుగుపెట్టనివ్వని దీవి అని దానికి పేరు, ఆ జ్ఞాపకం ఇంకా చావలేదు. స్కాట్లండు ప్రభుత్వ మంత్రి అమ్మకాన్ని ఆపింది, కొనేవాడు తప్పుకున్నాడు. పత్రికల్లో చాలామంది దీవివాళ్ళని ఆడిపోసుకున్నారు, మంచి అవకాశం చెడగొట్టారని. నాకలా అనిపించలేదు. ఆ నేల మీద ఊరివాళ్ళకంటూ హక్కు వచ్చి అప్పటికి పదిహేనేళ్ళు కూడా కాలేదు. కిన్లోక్ ఊరి భూమి, ఇళ్ళు కమ్యూనిటీ ట్రస్టు చేతికి వచ్చింది 2009, 2010ల్లోనే.

ఆ ట్రస్టు 2020లో నాలుగు చిన్న ఇళ్ళు కట్టించి కొత్త కుటుంబాలు రావచ్చని ప్రకటిస్తే, ప్రపంచం నలుమూలల నుంచి వందలమంది దరఖాస్తు పెట్టారు. నాలుగే ఇళ్ళు! నలభైమంది ఉండే దీవికి ఇంకో నాలుగు కుటుంబాలంటే బడి తెరిచి ఉండడం, అంగడి నడవడం, ఫెర్రీ తాడు పట్టుకోవడానికి మనిషి దొరకడం. అవి పెద్ద ఇళ్ళేమీ కావు, రెండేసి పడగ్గదులవి, చుట్టూ గాలివాన తట్టుకునే చెక్క. వాటి ముందు నుంచి నడిచినప్పుడు ఒక గుమ్మం దగ్గర బురద బూట్లు మూడు సైజుల్లో వరసగా పెట్టి ఉన్నాయి. ప్రభుత్వం దగ్గర రమ్ దీవికోసం పెట్టే డబ్బే ఉంటే, నా ఓటు ఐదో ఇంటికి, ఆరో ఇంటికి.

నా మాట మారే వీలు లేదా అంటే, ఉంది. ఎవరైనా, ట్రస్టో సంస్థో, మరమ్మతుకి మాత్రమే కాక ఆ తర్వాత యాభై ఏళ్ళ నిర్వహణకి సరిపడా నిధి ముందుగా బ్యాంకులో వేసి, కోట చుట్టూ దారులు ఊరివే అని కాగితం రాసి, ఏటా కొన్ని రోజులు దీవి జనానికి ఆ డాన్సు హాలు ఉచితంగా వదులుతామంటే, ఆ విన్నపం మీద మొదటి సంతకం నాదే. సహోద్యోగికి ఇదే చెప్పాను. "అంత డబ్బున్నవాళ్ళు అన్ని షరతులకి ఒప్పుకుంటారా?" అంది. ఒప్పుకోరు. అందుకే ముందు సామాను తీయించమని అడుగుతూ విన్నపం రాద్దాం రమ్మన్నాను. ఆలోచిస్తానంది.